కుర్చీ దిగకుండానే వ్యాన్ ఎక్కొచ్చు: అరసికెరె లాంటి ఊళ్ళకు పనికొచ్చే బండి

పావగడ తాలూకు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అరసికెరె వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వెన్ను, తుంటి, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళు, పడి తుంటి విరిగినవాళ్ళు వీళ్ళకు తోడు. ఇలాంటి మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఇద్దరు చంకల కింద చేతులు పెట్టి, ఒకరు కాళ్ళు పట్టుకుని ఆటోలోకో కారులోకో ఎక్కిస్తారు. వంగని నడుమును వంచి సీట్లో కూర్చోబెట్టాలి. ప్రయాణం కన్నా ఆ ఎక్కించడం, దించడమే ఎక్కువ నొప్పి. అందుకే చాలామంది పెద్దలు "నేను రానులే" అని ఇంట్లోనే ఉండిపోతారు.

108 బండి ప్రాణం మీదికి వచ్చినప్పటికే. నెలనెలా డాక్టరుకు చూపించడానికీ, బ్యాంకుకీ, పెళ్ళికీ రాదు. బస్సు పాసు రాయితీ ఉంది కానీ బస్సు మెట్లు ఎత్తు. దీనికి జవాబుగా పుట్టిందే వీల్‌చెయిర్ వ్యాన్: మనిషిని కుర్చీ నుంచి దించరు, కుర్చీతో సహా వెనక తలుపు నుంచి ర్యాంపు మీదుగా లోపలికి తోస్తారు.

ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో కండరాల జబ్బుతో కుర్చీకి పరిమితమైన రాల్ఫ్ బ్రాన్ తన కోసమే 1970లో డాడ్జ్ వ్యాన్‌కు లిఫ్టు బిగించుకున్నాడు. తర్వాత అదే ఆయన కంపెనీ అయింది. మన దగ్గర బెంగళూరులో కిక్‌స్టార్ట్ సంస్థ ఇలాంటి క్యాబ్‌లు నడిపింది, 2017లో ఊబర్ దానితో చేతులు కలిపింది. పల్లెలకు ఆ సేవ రాలేదు. మనకు దారి, ఈకో లాంటి వ్యాన్‌ను మార్పించుకోవడమే.

మార్పించే ముందు టేపు పట్టుకోండి. మనిషి కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి తల దాకా ఎంత ఎత్తో, మోచేతుల దగ్గర ఎంత వెడల్పో కొలవండి. వ్యాన్ తలుపు ఎత్తు దానికన్నా నాలుగు వేళ్ళైనా ఎక్కువ ఉండాలి. మెడ వంచలేని మనిషికి ఈ నాలుగు వేళ్ళే ముఖ్యం. తర్వాత వాలు. భవనాల ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు అంటారు. వ్యాన్ నేల అడుగున్నర ఎత్తుంటే ఆ లెక్కన 18 అడుగుల ర్యాంపు కావాలి, అది బండిలో పట్టదు. ఆరడుగుల ర్యాంపు వేస్తే అడుగుకు నాలుగు అడుగుల వాలు వస్తుంది, తోసేవాళ్ళకు బలం కావాలి. మన ఊళ్ళలో ఒక సులువుంది: బండి వెనక భాగాన్ని అరుగు వైపో ఎత్తు కట్ట వైపో తిప్పి ఆపితే వాలు సగం తగ్గుతుంది. బ్యాటరీ కుర్చీ అయితే బరువెక్కువ, దానికి లిఫ్టో వించో తప్పదు.

ఎక్కించాక కుర్చీ ముందు వైపుకే తిరిగి ఉండాలి. పక్కకు తిప్పి కూర్చోబెడితే బ్రేకు పడ్డప్పుడు మనిషి ఒరిగిపోతాడు. కుర్చీకి ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పట్టీలు వ్యాన్ నేలకు బిగించాలి. మనిషికి వేరే సీటు బెల్టు. కుర్చీని కట్టేశాం కదా అని మనిషిని వదిలేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తాడుతో కట్టడం అసలు వద్దు.

కాగితాల పని కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పును ఆర్టీవో ఒప్పుకుని ఆర్‌సీలో రాయాలి. మన తాలూకుకు అది మధుగిరి, కేఏ-64. ఆర్‌సీలో లేని మార్పుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు అడ్డం తిరగవచ్చు, కాబట్టి వాళ్ళకూ ముందే తెలియజేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ అందరికీ 18 శాతమే అయింది. వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన బండికి జాతీయ రహదారి టోల్ మినహాయింపు ఉంది, దానికి వేరే ఫాస్టాగ్ తీసుకోవాలి.

ఒక్కో ఇంటికీ ఇంత ఖర్చు కుదరదు, నిజమే. కానీ ఇది ఒక్క ఇంటి బండే కానక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్, బళ్ళను మార్పించడానికి పథకాలు పెట్టమని ప్రభుత్వాలకు చెబుతోంది. కర్ణాటకలో గ్రామ పంచాయితీలు తమ సొంత నిధుల్లో 5 శాతం వికలాంగుల కోసం ఖర్చు పెట్టాలి. నాలుగైదు పంచాయితీలు కలిస్తే ఒక వ్యాన్ మాట ఎత్తవచ్చు. అద్దెకు తిప్పేట్టయితే పర్మిట్ సంగతి మరవకండి. మన తాలూకు నుంచి చాలా దిక్కుల్లో కాసేపటికే ఆంధ్ర గడ్డ తగులుతుంది.

గ్రామసభకు వెళ్ళేటప్పుడు మీ పంచాయితీ వి.ఆర్.డబ్ల్యూని కలిసి, కుర్చీలో ఉన్నవాళ్ళ పేర్లు, యూడీఐడీ కార్డులు, నెలకు ఎన్నిసార్లు ఆసుపత్రికి పోవాలో ఒక కాగితం మీద రాయించుకుని పోండి. ఉత్తి మాట కన్నా ఆ జాబితా బరువు ఎక్కువ.