ముందు కన్ను కడిగారు, తర్వాతే పేరు అడిగారు

నేను తాపీ మేస్త్రిని. మాది శ్రీకాకుళం జిల్లా. పూర్వం మా వైపు నుంచి ఓడెక్కి ‘రంగం’ పోయినవాళ్ళ కథలు వింటూ పెరిగాను. ఆ రంగమే ఇప్పటి యాంగోన్. నేను విమానంలో వచ్చాను, అంతే తేడా.

ఆ రోజు మూడో అంతస్తులో సీలింగుకి ప్లాస్టింగ్ చేస్తున్నాం. తలెత్తి మాలు కొడుతుంటే ఓ ముద్ద జారి కుడికంట్లో పడింది. కళ్ళద్దాలు లేవు. ఎప్పుడడిగినా ‘వస్తాయిలే’ అనేవారు. కంట్లో నిప్పు పోసినట్టు మంట. ఒకడు ఆముదం వెయ్యమన్నాడు, ఇంకొకడు తల్లిపాలన్నాడు. సూపర్‌వైజరు సాయంత్రం దాకా చూద్దామన్నాడు. నేనూ పడుకుందామనే అనుకున్నా. మా హెల్పరు, ఇక్కడి కుర్రాడు, ఒప్పుకోలేదు. కన్ను బలవంతంగా తెరిచి తాగే నీళ్ళ క్యాను మొత్తం పోశాడు.

పక్కింట్లో వంట చేసే మామ్మ తెలుగావిడే, పుట్టింది మాత్రం ఇక్కడే. ఆవిడే టాక్సీ పిలిచి ‘మ్యెస్సి సేయోన్’ అంది. బర్మా భాషలో కంటాసుపత్రి అని. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

దారంతా నా భయం కన్ను గురించి కాదు. పాస్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గరుంది, జేబులో డబ్బు తక్కువ.

నాట్‌మౌక్ రోడ్డులోని యాంగోన్ కంటాసుపత్రి సర్కారుది. సిమెంటు అనగానే నర్సమ్మ ఇంకేమీ అడగలేదు. పడుకోబెట్టి, మంట తెలియకుండా చుక్కలేసి, గొట్టంతో సెలైన్ పోస్తూ అరగంట పైనే కడిగింది. రెప్ప తిరగేసి ఇసుక రేణువులు దూదిపుల్లతో తీసింది. చిన్న కాగితం ముక్క కంటికి ఆనించి రంగు చూసి మళ్ళీ కడిగింది. అదేమిటని మామ్మ అడిగితే చెప్పారు: సిమెంటులో సున్నం గుణం ఉంటుంది, కడక్కపోతే లోపలికి తొలుచుకుంటూ పోతుంది, అది ఇంకా ఉందో లేదో కాగితం చెబుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే నల్లగుడ్డు తెల్లబడేదట.

అప్పుడడిగారు పేరు. ఫోన్లో పాస్‌పోర్టు ఫొటో చూపించాను, దాన్ని చూసే రాసుకున్నారు. చుక్కల మందు మాత్రం బయట కొనుక్కున్నా. మూడోసారి వెళ్ళినప్పుడు గోడ మీది మూడు గీతల గుర్తు ఎటు తిరిగిందో చేత్తో చూపించమన్నారు. చివరి వరస దాకా చూపించాను. బర్మా అక్షరాలు రాకపోయినా గండం లేదు!

ఒక సంగతి చెప్పాలి. “రూములో పడిందని చెప్పు” అని సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. నేను తటపటాయిస్తుంటే మామ్మ కసిరింది: “పనిలో పడింది పనిలోనే అని రాయించుకో నాయనా. రేపు చూపు తగ్గితే ఆ కాగితమే నీకు దిక్కు.” చీటీలో అలాగే రాయించుకున్నాను. పనిలో దెబ్బ తగిలి వైకల్యం వస్తే యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం చెబుతుంది. అప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, అందుకే ఆ చట్టం ఇక్కడా ఉంది. మన దేశంలో 2010లో దాని పేరు మార్చారు. 2012 సోషల్ సెక్యూరిటీ చట్టం కింద మీ పేరు నమోదైందో లేదో కూడా అడగండి.

చీటీ ముందు పెట్టాక నాలుగు రోజుల కూలి ఇచ్చారు. కళ్ళద్దాలూ వచ్చాయి, పదకొండు. మేం పద్నాలుగు మందిమి. మిగతా మూడింటి కోసం రోజూ అడుగుతున్నాం.