విడిచిన చేప బ్రతుకునా?

మన భాషలో గాలం వేయడమంటే ఆశ చూపి లోబరచుకొనడం. ఆ మాటను ఇంత విరివిగా వాడే మనకు, నిజముగా గాలమునకు చిక్కిన చేప సంగతి తెలిసినది బహు స్వల్పము. జూరాల ఆనకట్ట పరిసరాలలో, కొల్లాపురమునకు చేరువనున్న సోమశిల వద్ద శ్రీశైలం వెనుక నీటి ఒడ్డున, వనపర్తి ప్రాంతపు చెరువు కట్టల మీద సాయంకాలము గాలపు కర్ర పట్టి కూర్చున్నవారిని చూస్తూనే ఉంటాము. వారిలో ఎక్కువమంది కూరకో, జీవనోపాధికో చేపను పట్టేవారు. వారిని గూర్చి ఈ వ్యాసము కాదు. ఇటీవల మరొక తెగ బయలుదేరినది. చేపను పట్టి, చేతులలో ఎత్తి చూపి, ఫొటో తీయించుకొని, మరల నీటిలో వదలుతారు. ఉర్దూలో దీనిని ‘మఛ్లీ కా షికార్’ అంటారు. ఆ షికారు అన్న మాటయే తెలుగులోనికి వచ్చి వాహ్యాళి అన్న అర్థము తెచ్చుకున్నది. ఈ వినోదములో ఆ రెండర్థములూ ఉన్నవి. “చంపలేదు గదా, విడిచిపెట్టినాము” అన్నది వీరి సమాధానము. ఆ సమాధానములో సత్యమెంత?

ఈ పద్ధతి మనదేశమునకు పూర్తిగా క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే ఆంగ్లేయుడు 1873లోనే ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథము వెలువరించినాడు. ఐతే ఆనాటి దొరలకు పట్టడమే పరువు గాని విడవడము కాదు. అమెరికాలో బాస్ అనే చేపకై పెద్ద పెద్ద పందెములు జరుగుతాయి. పట్టిన చేపలను చంపక, పడవలోని తొట్టిలో సజీవముగా ఉంచి, తూచిన తరువాత విడువవలెనన్న ప్రచారమును పందెముల నిర్వాహకుడు రే స్కాట్ 1972లో ప్రారంభించినాడు. అదే సంవత్సరము బెంగుళూరులో దక్షిణ భారత వన్యప్రాణి సంఘము ఏర్పడినది. కావేరీ నదిలోని మహాశీర్ చేపలను వేటగాండ్ర బారి నుండి కాపాడుతూ, గాలముతో పట్టి విడిచే పద్ధతిని ఆ సంఘము అక్కడ పెంపొందించినది.

పందెములో విడిచిన బాస్ చేప తోక ఆడించుకొంటూ లోతునకు పోతుంది. చూచినవాడు అది బ్రతికినదనుకొని ఇంటికి పోతాడు. శాస్త్రజ్ఞులు అంతటితో తృప్తి చెందలేదు. విడిచిన చేపలను నీటిలోనే బోనులలో దినముల తరబడి ఉంచి లెక్కించినారు. 2005లో బార్తొలోమ్యూ, బోన్‌సాక్ అనే పరిశోధకులు పలు జాతుల చేపలపై జరిగిన అధ్యయనములలోని 274 లెక్కలను ఒకచోట చేర్చగా, విడిచిన చేపలలో సగటున నూటికి 18 చనిపోవుచున్నట్లు తేలినది. సగటు అన్నది మోసపుచ్చే మాట సుమా! కొన్ని లెక్కలలో ఒక్కటియు చావలేదు. కొన్నిటిలో దాదాపు అన్నియు చచ్చినవి. ఇంత తేడాకు కారణమేమిటన్నదే మనము తెలుసుకొనదగినది.

మొదటి కారణము గాలము దిగిన చోటు. పెదవికో, దవడ మూలకో దిగిన గాలము చేసే గాయము చిన్నది, త్వరగా మానుతుంది. మొప్పలకు దిగినచో కథ వేరు. మొప్పలు చేపకు ఊపిరితిత్తుల వంటివి. పలుచని పొరల వెనుక రక్తము పారుతూ ఉంటుంది. అక్కడ చీలిక పడితే రక్తము ఆగదు. గొంతు దాటి అన్నవాహికలోనికి పోయిన గాలము మరింత ప్రమాదకరము, ఏలనన గుండె, కాలేయము ఆ సమీపముననే ఉన్నవి. వానపామును గ్రుచ్చి, బెండు మునిగిన తరువాత కూడ తాపీగా కూర్చున్నవాని గాలమే సాధారణముగా ఇంత లోతుకు పోతుంది. చేపకు మ్రింగుటకు వ్యవధి దొరికినది గదా!

లోతుగా దిగిన గాలమును ఏమి చేయవలెను? పెరికివేయుటే దయ అని మనకు తోస్తుంది. కాని 2009లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి విరుద్ధముగా చెప్పినది. బ్లూగిల్ అనే చిన్న చేపలలో గాలమును బలవంతముగా పెరికినవాటిలో పది దినములలో నూటికి 44 చనిపోగా, దారము కత్తిరించి గాలమును లోపలనే వదిలినవాటిలో పన్నెండున్నర వంతు మాత్రమే చనిపోయినవి. పైగా కొన్ని చేపలు ఆ గాలమును తమంతట తామే వెడలగ్రక్కినవి. మొన లోపలికి వంగిన గుండ్రని గాలములు గొంతులో దిగక, జారి దవడ మూలను పట్టుకొంటాయి. మామూలు గాలమునకుండే ఎదురు ముల్లును పటకారుతో అణచివేస్తే తీయుట తేలిక. ఇవి ఖర్చు లేని పనులు.

రెండవ కారణము కంటికి కనపడనిది. గాలమునకు చిక్కిన చేప ప్రాణభయముతో పెనుగులాడుతుంది. పరుగు పందెము ముగిసిన ఆటగాని కండరములలో వలెనే దాని ఒంటిలో లాక్టిక్ ఆమ్లము పేరుకొంటుంది. ఆటగాడు రొప్పుతూ గాలి పీల్చి కోలుకొంటాడు. చేపకు ఆ క్షణముననే మనము ఊపిరి అందకుండ చేస్తాము. నీటి వెలుపల మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కొనిపోతాయి. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ ట్రౌట్ చేపలపై జరిపిన పరీక్షలో, అలసట పొందిన చేపలలో నూటికి 12 చనిపోయినవి. అలసట తరువాత 30 సెకనులు గాలిలో ఉంచినవాటిలో 38, 60 సెకనులు ఉంచినవాటిలో 72 చనిపోయినవి. ట్రౌట్ చల్లని నీటి సుకుమారి, అన్ని చేపలకు ఈ లెక్క అతకదు. ఐనను ఫొటో తీయువాడు ‘ఇంకొక్కటి’ అనే ప్రతిసారి ఈ అంకెలు గుర్తుకు రాదగినవి.

దీనికి మన పాలమూరు ఎండ తోడైతే చెప్పనక్కరలేదు. నీరు వేడెక్కిన కొలది అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే ఇముడుతుంది. అదే సమయములో చేపకు కావలసినది ఎక్కువౌతుంది. వైశాఖమాసపు మధ్యాహ్నము ఎండిపోవుచున్న చెరువులో చేపను ఆడించి విడుచుట, విడుచుట క్రింద లెక్కకు రాదని నా అభిప్రాయము. పొడి చేతులతోనో, తువ్వాలుతోనో పట్టుకొన్నప్పుడు చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి, బూజు వంటి రోగములకు దారి ఏర్పడుతుంది. చేయి తడుపుకొనుటకు ఎంత కాలము పడుతుంది?

చేపకు నొప్పి తెలియునా అన్న ప్రశ్నపై పండితులలో ఏకాభిప్రాయము లేదు. 2003లో లిన్ స్నెడన్ బృందము ట్రౌట్ చేపల పెదవులలో తేనెటీగ విషమును, మరికొన్నిటికి ఎసిటిక్ ఆమ్లమును ఎక్కించినప్పుడు, అవి చాలసేపు మేత ముట్టలేదు. ఆమ్లము ఎక్కించినవి పెదవులను గులకరాళ్ళకు రాచుకొన్నవి. దీనిని నొప్పి అనరాదని వాదించినవారూ ఉన్నారు. మన ముస్లిం ఇండ్లలో చేపకు జబహ్ అవసరము లేదు, నీటి నుండి తీసినదే హలాలు. కత్తి అవసరము లేదు గనుక కరుణయు అవసరము లేదన్నట్లు కొందరు ప్రవర్తిస్తారు. కాని ప్రాణమున్న దేనినీ గురిపెట్టే ఆటవస్తువుగా చేసికొనరాదన్న ప్రవక్తగారి నిషేధము సహీహ్ ముస్లింలో నమోదై ఉన్నది. అది గాలమునకు వర్తించునా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయము. నా మట్టుకు, తినుటకు పట్టినవానికంటె వినోదమునకు పట్టినవాని మీదనే బాధ్యత ఎక్కువని తోస్తుంది.

ఐతే పట్టి విడుచుట వలన మేలు జరుగలేదని కాదు. కావేరీ తీరపు విడిదులలో 1998 మొదలు 2012 వరకు వ్రాసి ఉంచిన చేపల లెక్కలే, మూపురపు మహాశీర్ క్షీణించిపోవుచున్నదన్న సత్యమును బయటపెట్టినవి. ఇంతకాలము ప్రసిద్ధమైన ఆ చేప శాస్త్రీయముగా ఏ జాతిదో తేలినది 2018లో మాత్రమే.

ఇక మన కొర్రమీను. తెలంగాణ రాష్ట్రపు చేప ఇది. మొప్పలతో పాటు తల భాగములోని ఒక అమరికతో గాలిని కూడ పీల్చగలదు. అందువలన ఒడ్డున చాలసేపు బ్రతికి ఉంటుంది. దీనిని ఎంతసేపు బయట ఉంచినా ఫరవాలేదన్న ధీమా ఇక్కడి నుండే పుట్టినది. గొంతులోని గాయమునకు ఈ శక్తి మందు కాదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటున్నది. వానలు పడి చెరువు నిండే రోజులలో కొర్రమీను గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రని మేఘము వలె గుంపుగా తేలుతూ, గాలి కోసము మాటిమాటికి నీటి పైకి వస్తుంటాయి. వాటి క్రిందనే పెద్ద చేప కావలి కాస్తుంది. ఆ గుంపు మధ్య కప్పను గ్రుచ్చిన గాలము వేస్తే పెద్ద చేప తప్పక పట్టుకొంటుంది, ఆకలితో కాదు, బిడ్డలను కాచుకొనే కోపముతో. గూడు కాచే మగ బాస్ చేప విషయములోను ఇంతే. దానిని కొద్ది నిమిషములు తొలగించినా చుట్టుప్రక్కల చేపలు గూటిపై పడి గుడ్లను తింటాయని, తిరిగి వచ్చిన తండ్రి చేప కొన్నిసార్లు మిగిలిన వాటిని కూడ విడిచి వెళ్ళిపోతుందని ఉత్తర అమెరికా సరస్సులలో గమనించినారు. పెదవికి చిన్న గాయము తప్ప ఏ హానియు లేని చేపను తడి చేతులతో సున్నితముగా విడిచినవానికి, అది తిరిగి చేరేసరికి ఆ ఎర్ర మేఘములో ఎంత మిగిలినదో కనపడదు.