ఫార్ములా వన్ కార్ల వాయుగతిక రూపకల్పన

ఫార్ములా వన్ కార్ల వాయుగతిక రూపకల్పన అనగా వేగంగా పోయే పందెపు కారు పైన, పక్కల, కింద ప్రవహించే గాలిని ఆ కారుకు ఉపయోగపడేలా మలచే ఇంజనీరింగు విభాగం. ఫార్ములా వన్ కార్లు బయటి చక్రాల కార్ల తరగతికి చెందినవి. సాధారణ కార్ల చక్రాలు మడ్‌గార్డుల లోపల ఇమిడి ఉండగా, వీటి నాలుగు చక్రాలూ కారు దేహానికి వెలుపల ఉంటాయి. ఈ రూపకల్పనకు రెండు లక్ష్యాలున్నాయి. మొదటిది కారును నేలకు అదిమిపట్టే బలాన్ని పెంచడం, రెండవది గాలి నిరోధాన్ని తగ్గించడం. సాధారణంగా ఒకటి పెరిగితే రెండవది కూడా పెరుగుతుంది. మలుపుల్లో కారుకు వేగాన్నిచ్చే ఈ బలం అకస్మాత్తుగా మాయమైతే ప్రాణాపాయం కలుగుతుంది. అందువలన 1968 తరువాత నియమాలలో వచ్చిన అనేక మార్పులు ఈ బలాన్ని అదుపులో ఉంచడానికి చేసినవే.

అధోబలం

విమానపు రెక్క విమానాన్ని పైకి లేపుతుంది. అదే రెక్కను తలకిందులుగా బిగిస్తే కారును కిందికి నొక్కుతుంది. రెక్క అడుగున గాలి వేగంగా ప్రవహించి అక్కడ పీడనం తగ్గుతుంది, పైన పీడనం ఎక్కువగా ఉంటుంది. రెక్క గాలిని పైకి మళ్ళిస్తుంది, దానికి ప్రతిచర్యగా కారు కిందికి నొక్కబడుతుంది. ఈ బలాన్ని అధోబలం లేదా డౌన్‌ఫోర్స్ అంటారు.

టైరును నేలకు ఎంత గట్టిగా నొక్కితే దాని పట్టు అంత పెరుగుతుంది. కారు బరువు పెంచినా పట్టు పెరుగుతుంది కాని, ఆ అదనపు బరువును కూడా మలుపులో తిప్పవలసి వస్తుంది కనుక ప్రయోజనం ఉండదు. అధోబలం బరువు పెంచకుండానే టైరును నొక్కుతుంది. దాని ప్రాముఖ్యం ఇందులోనే ఉంది.

అధోబలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 100 కి.మీ. వేగంతో పోయే కారు 200 కి.మీ. వేగాన్ని అందుకుంటే అధోబలం నాలుగు రెట్లవుతుంది. అందువలన నిదానమైన మలుపుల్లో రెక్కల వలన ఉపయోగం తక్కువ. వేగవంతమైన మలుపుల్లో మాత్రం డ్రైవరు వేగం తగ్గిస్తే పట్టు కూడా తగ్గిపోతుంది. అటువంటి మలుపుల్లో డ్రైవరుపై గురుత్వ త్వరణానికి నాలుగైదు రెట్ల పార్శ్వ త్వరణం పనిచేస్తుంది.

రెక్కలు

కారుకు ముందొకటి, వెనుకొకటి రెక్కలుంటాయి. ఒకే పలకను మరీ నిటారుగా వంచితే గాలి దాని ఉపరితలాన్ని వదలిపోయి అధోబలం పడిపోతుంది. అందుకే రెక్కను అనేక పలకలుగా చేసి వాటి మధ్య సన్నని సందులు ఉంచుతారు. రెక్క చివర్లలోని నిలువు పలకలు, పైనున్న అధిక పీడనపు గాలి పక్కనుండి కిందికి జారిపోకుండా ఆపుతాయి. గాలిని మొదట తాకేది ముందు రెక్క కనుక, వెనుక భాగాలకు అందే గాలి తీరును కూడా అదే నిర్ణయిస్తుంది.

రెక్కల వాలును ట్రాక్‌ను బట్టి మారుస్తారు. ఇరుకు మలుపులున్న మొనాకోలో రెక్కలను బాగా నిటారుగా ఉంచుతారు. పొడవైన తిన్నని దారులున్న ఇటలీలోని మోంజాలో గాలి నిరోధం తగ్గించడానికి దాదాపు పడుకోబెట్టిన పలుచని రెక్కలు వాడతారు.

అడుగుభాగం

కారు అడుగుకు, నేలకు మధ్యనున్న ఇరుకు సందులోంచి గాలి వేగంగా పోయేలా చేస్తే అక్కడ పీడనం తగ్గి కారు నేలవైపు లాగబడుతుంది. దీనిని భూప్రభావం అంటారు. ఆ గాలిని వెనుక క్రమంగా విశాలమయ్యే మార్గంలోంచి బయటికి పంపే భాగం డిఫ్యూజర్. రెక్కలతో పోలిస్తే, అదే అధోబలానికి ఇక్కడ గాలి నిరోధం తక్కువ.

కోలిన్ చాప్‌మన్ నాయకత్వంలోని లోటస్ జట్టు 1977లో లోటస్ 78 కారులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. పక్కనుండి గాలి చొరబడకుండా నేలను తాకే స్కర్టులను అమర్చింది. తరువాతి కారైన లోటస్ 79 తోడ్పాటుతో మారియో ఆండ్రెట్టి 1978లో ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది గోర్డన్ మర్రీ రూపొందించిన బ్రాభమ్ బి.టి.46బి కారు పెద్ద ఫ్యానుతో అడుగునున్న గాలిని తోడివేసేది. నికీ లాడా దానితో స్వీడన్ గ్రాండ్ ప్రి గెలిచాడు. ఆ తరువాత ఆ కారు మరే పందెంలోనూ పాల్గొనలేదు.

చక్రాలు

తిరిగే చక్రం తన చుట్టూ గాలిని చెదరగొడుతుంది. బయటి చక్రాల కారులో మొత్తం గాలి నిరోధంలో గణనీయమైన భాగం వీటిదే. చెదరిన ఈ గాలి అడుగుభాగంలోకి పోకుండా ముందు రెక్క, పక్క పలకల సాయంతో బయటికి తోస్తారు. ఒక కారు చక్రం మరొక కారు చక్రాన్ని వెనుకనుండి తాకితే వెనుక కారు గాలిలోకి ఎగిరే ప్రమాదం కూడా ఉంది. 1982లో బెల్జియంలోని జోల్డర్‌లో గిల్ విల్‌నవ్ కారు ముందున్న కారును ఢీకొని ఎగిరిపడగా ఆయన మరణించాడు.

ప్రమాదాలు, నియమాలు

1968లో రెక్కలు వచ్చిన కొత్తలో వాటిని సన్నని కాళ్ళపై ఎత్తుగా, సస్పెన్షన్‌కే బిగించేవారు. 1969లో బార్సిలోనాలోని మోంజువిక్‌లో జరిగిన స్పెయిన్ గ్రాండ్ ప్రిలో గ్రాహం హిల్, యోఖెన్ రింట్ నడిపిన రెండు లోటస్ కార్ల రెక్కలూ విరిగి, రెండు కార్లూ ప్రమాదానికి గురయ్యాయి. తరువాతి పందెమైన మొనాకోలో ఎత్తు రెక్కలను నిషేధించారు.

స్కర్టు ఇరుక్కుపోయినా, కారు కాస్త పైకి లేచినా అధోబలం క్షణంలో మాయమయ్యేది. అందువలన 1981లో జారే స్కర్టులను నిషేధించారు. 1983 నుండి చక్రాల మధ్య అడుగుభాగం చదునుగా ఉండాలని నియమం చేశారు. 1994లో ఇమోలా ప్రమాదాల తరువాత అడుగున ఒక పలకను తప్పనిసరి చేశారు. కారును మరీ కిందికి దించితే ఆ పలక అరిగి దొరికిపోతుంది. ఆ ఏడాది బెల్జియంలో మొదట వచ్చిన మైకేల్ షూమాకర్ ఈ కారణంగానే అనర్హుడయ్యాడు.

చెదరిన గాలి

ముందు కారు వదిలిన చెదరిన గాలిలో వెనుక కారు రెక్కలు సరిగా పనిచేయవు. మలుపులో దగ్గరగా వెంబడించడం కష్టమై, దాటిపోయే అవకాశం తగ్గుతుంది. 2011లో దీనికి ఉపశమనంగా డి.ఆర్.ఎస్. వచ్చింది. ముందు కారుకు ఒక సెకను లోపు ఉన్న డ్రైవరు, నిర్ణీత ప్రదేశంలో వెనుక రెక్క పలకను తెరచి గాలి నిరోధాన్ని తగ్గించుకోగలిగేవాడు.

2022లో మూల కారణాన్నే సరిదిద్దే ఉద్దేశ్యంతో అడుగున సొరంగాలతో భూప్రభావాన్ని మళ్ళీ అనుమతించారు. ఫార్ములా వన్ నిర్వాహకుల అంచనా ప్రకారం 10 మీటర్ల దూరంలో వెంబడించే పాత కారు 46 శాతం అధోబలాన్ని కోల్పోగా, కొత్త కారు 18 శాతమే కోల్పోతుంది. అయితే తిన్నని దారుల్లో కార్లు పైకీ కిందికీ ఊగసాగాయి. అడుగు నేలకు మరీ దగ్గరైతే గాలి ప్రవాహం తెగి కారు లేవడం, ప్రవాహం కుదిరి మళ్ళీ కిందికి లాగడం దీనికి కారణం. డ్రైవర్లకు నడుము నొప్పులు రావడంతో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఆ ఏడాదే ఊగుడుకు పరిమితి విధించి, 2023లో అడుగుభాగపు అంచులను 15 మి.మీ. పైకి జరిపించింది.

2026 నియమాలు డి.ఆర్.ఎస్.ను తొలగించి, ముందు వెనుక రెక్కలు రెండూ కదిలే పద్ధతిని తెచ్చాయి. మలుపుల్లో రెక్కలు నిటారుగా, తిన్నని దారుల్లో వాలుగా ఉంటాయి. అడుగుభాగాన్ని కూడా కొంత చదును చేసి భూప్రభావాన్ని తగ్గించారు.

పరీక్షలు

ఈ ఆకారాలను కంప్యూటరు గణనలతోనూ, గాలి సొరంగాలలోనూ పరీక్షిస్తారు. నిజమైన కారు పరిమాణంలో 60 శాతానికి మించని నమూనాను, సెకనుకు 50 మీటర్లకు మించని గాలిలో ఉంచుతారు. నేల కదులుతున్నట్లు ఉండడానికి నమూనా కింద బెల్టు తిరుగుతుంది. 2021 నుండి, పట్టికలో పైనున్న జట్లకు తక్కువ పరీక్షా సమయం, కింద ఉన్నవాటికి ఎక్కువ సమయం ఇస్తున్నారు.

ఇతర పందేలు

బయటి చక్రాల కార్లన్నిటికీ ఒకే అవసరం ఉండదు. అమెరికాలోని ఇండికార్ పందేలలో, ఇండియానాపోలిస్ వంటి అండాకారపు ట్రాకులపై వేగం కోసం చిన్న రెక్కలు వాడతారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ వద్ద జరిగిన ఫార్ములా ఇ పందెంలోని విద్యుత్ కార్లు కూడా ఈ తరగతివే. బ్యాటరీలోని శక్తిని పొదుపు చేయాలి కనుక వాటిలో గాలి నిరోధాన్ని తగ్గించడానికే ప్రాధాన్యం, అధోబలం ఫార్ములా వన్ కార్ల కంటే బాగా తక్కువ.