గేటు తెరిస్తే సరిపోదు

అడ్మిషన్ల రోజులు వచ్చినయి. మన వాడల్లో పన్నెండో తరగతి పాసైన పిల్లలు కాలేజీ ఫారాలు నింపుతున్నరు. 2004లో సోలాపూర్‌కు సొంత యూనివర్సిటీ వచ్చింది. అంతకు ముందు మన ఊరి కాలేజీలు కొల్హాపూర్ శివాజీ యూనివర్సిటీ కింద ఉండేవి. చిన్న కాగితం పని ఉన్నా కొల్హాపూర్ దిక్కు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ తప్పింది, సంతోషమే. అయితే సీటు దొరికితే చాలు, పని అయిపోయింది అని మనం అనుకుంటున్నం. సీటు ఒక సంగతి. లోపలికి పోయినంక పిల్లను అందరితో సమానంగా చూస్తున్నరా లేదా అన్నది ఇంకో సంగతి. ఈ రెండో దాని గురించి ఈ నెల రాస్తున్న.

నేను చదివింది నాలుగో తరగతి. గిరణిలో సాంచా ఖాతాలో పని చేసి రిటైర్ అయిన. నాకు తెలిసింది గిరణి, అందుకని గిరణి మాటతోనే మొదలు పెడత.

పాత కాలం ముంబై గిరణీల్లో దళితులకు పని దొరికేది. గేటు వాళ్లకు మూసి లేదు. వడికే ఖాతాలో పెట్టుకునేటోళ్లు. కాని జీతం ఎక్కువున్న సాంచా ఖాతాకు మాత్రం రానిచ్చేటోళ్లు కాదు. కారణం ఏమిటంటే, నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు పోగును నాడె కన్నంలో నుంచి నోటితో పీల్చి బయటికి తియ్యాలె. దళితుడు నోరు పెట్టిన నాడెకు మేం నోరు పెట్టం అని మిగతా కులాల నేత పనివాళ్లు అడ్డం తిరిగిండ్రు. 1928లో ముంబైలో పెద్ద సమ్మె జరిగింది. అప్పుడు డాక్టర్ అంబేడ్కర్ ఈ సంగతిని యూనియన్ నాయకుల ముందర పెట్టి, మా వాళ్లను సాంచా ఖాతాలోకి రానియ్యాలె అని గట్టిగా అడిగిండు.

ఇందులో మనం చూడాల్సింది ఒకటి ఉన్నది. ఆ ఖాతా తలుపు కాడ అడ్డం నిలబడ్డది ఒక్క సేటే కాదు. పక్క సాంచా మీద పని చేసే తోటి కార్మికుడు కూడా నిలబడ్డడు. ఒకే భోంగా విని పనికి వచ్చేటోడు, ఒకే సమ్మెలో పస్తులున్నోడు.

యూనివర్సిటీలో కూడా ఇదే తీరు జరుగుతది. గేటు మీద ఎవరినీ రావద్దని రాసి ఉండదు. రిజర్వేషన్ ఉన్నది, ఫారం తీసుకుంటరు, సీటు ఇస్తరు. తర్వాత క్లాసులో "నువ్వు కోటా మీద వచ్చినవా" అని అడిగేటోళ్లు ఉంటరు. నీ యాస ఏంది, మీ నాయిన పని ఏంది అని నవ్వేటోళ్లు ఉంటరు. హాస్టల్లో గది పంచుకోనోళ్లు ఉంటరు. పిల్ల ఇంటికి వచ్చి ఏం చెప్పదు. నాలుగు నెలలకు "నాకు చదువు వద్దు" అంటది. మనం పిల్లకు తెలివి లేదు అనుకుంటం.

దీనికి ప్రభుత్వం రూలు చేసింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, మనం యూజీసీ అంటం, 2012లో సమానత్వం గురించి ఒక నియమావళి తెచ్చింది. అందులో ఏమున్నదో మన ఇండ్లలో ఎక్కువ మందికి తెలియదు. ప్రతి యూనివర్సిటీ, ప్రతి కాలేజీ సమాన అవకాశాల విభాగం ఒకటి పెట్టాలె. వివక్ష మీద ఫిర్యాదు తీసుకోవటానికి ఒక అధికారి ఉండాలె. క్లాసులో ఎస్సీ, ఎస్టీ పిల్లలను రిజర్వేషన్ వాళ్లు అని వేరు చేసి పిలువొద్దు. హాస్టలు, మెస్సు, చదువుకునే గది, ఆటస్థలం, తాగే నీళ్లు, వీటిల్లో ఎవరినీ పక్కకు పెట్టొద్దు. కులం, మతం ఒక్కటే కాదు, భాష, ఆడ మగ, వైకల్యం పేరు మీద కూడా తేడా చూడొద్దు.

రూలు ఉన్నది. నడిస్తే కదా! హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నడు. వాళ్లమ్మ రాధిక కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టి పిల్లలను చదివించింది. ముంబైలో పెద్ద డాక్టరు చదువు చదివే పాయల్ తడవీ, మన మహారాష్ట్ర ఆదివాసీ బిడ్డ, 2019 మే నెలలో ప్రాణం తీసుకున్నది. సీనియర్లు కులం పేరుతో వేధించిండ్రని కేసు అయింది. ఆ ఏడే ఈ ఇద్దరు తల్లులు, రాధిక, ఆబేదా, కలిసి సుప్రీంకోర్టుకు పోయిండ్రు. తమ బిడ్డలు తిరిగి రారని వాళ్లకు తెలుసు. 2012లో చేసిన రూలును అన్ని కాలేజీల్లో నడిపించండి అన్నదే వాళ్లు అడిగింది. పోయింది వాళ్ల పిల్లలు, అడిగింది మన పిల్లల కోసం.

ఇంకా కొన్ని సంగతులు తెలిసి ఉండాలె. 40 శాతం లేక ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 2016 చట్టం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు ఉన్నయి. చేత్తో రాయలేని పిల్లకు, చూపు లేని పిల్లకు రాసిపెట్టే మనిషిని ఇయ్యాలె, పరీక్షలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇయ్యాలె. ఆడపిల్లల మీద లైంగిక వేధింపు జరిగితే విచారించటానికి ప్రతి కాలేజీలో కమిటీ ఉండాలె, అది 2013 చట్టం. ర్యాగింగు అయితే 1800-180-5522కు ఫోను చెయ్యొచ్చు, పైసలు పడవు.

భాష సంగతి మన ఇండ్లకు పెద్ద బరువు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. పిల్లకు పాఠం అర్థమైతది, రాయటానికి చెయ్యి రాదు. చదువు ఇంగ్లీషులో చెప్పినా పరీక్ష స్థానిక భాషలో రాసుకోనియ్యండి అని 2023 ఏప్రిల్‌లో యూజీసీ యూనివర్సిటీలను కోరింది. మన కాడ స్థానిక భాష అంటే మరాఠీ, అది మన పిల్లలకు బాగా వస్తది. మీ కాలేజీలో ఆ వీలు ఉన్నదా అని ముందే ఆఫీసులో అడగండి.

ఇప్పుడు మనం చేసేది ఏమిటంటే, ఫీజు కట్టిన రోజే పిల్లతో పాటు ఆఫీసుకు పోయి, "సమాన అవకాశాల విభాగం ఎక్కడ ఉన్నది, ఆ అధికారి పేరు ఏంది" అని అడగండి. కాగితం మీద రాసుకోండి. మనం చదువుకోనోళ్లం, సాహెబును ఎట్ల అడగాలె అని జంకొద్దు. గిరణిలో హాజరీ తప్పు పడితే, పగారు తక్కువ వస్తే టైం ఆఫీసు కిటికీ కాడ నిలబడి అడగలేదా? ఇది కూడా అంతే. ఏదన్న జరిగితే నోటి మాట కాకుండా రాసి ఇయ్యండి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకొని ఇంట్లో దాచిపెట్టండి. పిల్ల చదువు వద్దంటే తిట్టక ముందు "ఎవరు ఏమన్నరు" అని అడగండి.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటది. మన పిల్లలు అవమానం పడేటోళ్లే అనుకోవద్దు. అవమానం చేసేటోళ్లలో కూడా మన పిల్లలు ఉండొచ్చు. పక్క బెంచీలో దళిత పిల్లవాడు, ముస్లిం పిల్ల, కుంటుకుంటూ నడిచే పిల్లవాడు, హిజ్రా అని ఊరు నవ్వే బిడ్డ, వీళ్లను మన పిల్లలు ఎట్ల పిలుస్తున్నరు? ఆ మాటలు పిల్లలు కాలేజీలో నేర్చుకోరు. మన అరుగుల మీద, మన పెండ్లి పంక్తుల్లో విని నేర్చుకుంటరు. రూలు కాలేజీ గోడ మీద ఉంటది, బుద్ధి ఇంట్లోనే రావాలె. నోటితో పోగు తీసే నాడె పోయి చాలా ఏండ్లు అయింది. దాని కాడ పుట్టిన అంటు మనసుల్లో ఉండిపోతే, మన పిల్లలు ఎంత చదివినా ఏం లాభం?

అక్కలారా, అన్నలారా, ఈ వారం మీ ఇంట్లో కాలేజీకి పోయే బిడ్డను కూసోబెట్టుకొని రెండు మాటలు అడగండి. నిన్ను ఎవరన్న తక్కువ చేసి మాట్లాడుతున్నరా? నువ్వు ఎవరినన్న తక్కువ చేసి మాట్లాడుతున్నవా? రెండో మాట కూడా తప్పకుండా అడగండి.