డిస్కునకు ప్రతిబింబము

మా నాయనగారు 2009లో కాలధర్మము చెందిరి. వారి కంఠస్వరము ఈ భూమిమీద ఒక్కచోటనే మిగిలియున్నది. 2006లో తెనాలిలో జరిగిన మా చెల్లెలి పెండ్లి డీవీడీలో, అప్పగింతల వేళ, వియ్యపురాలి చేతిలో కూతురి చేయి ఉంచి వారు నాలుగు మాటలు పలికిరి. మూలమైన టేపును వీడియో తీసిన దుకాణమువారు మఱియొక పెండ్లికి వాడుకొనిరి. గత వేసవిలో చెల్లెలు ఆ డిస్కు పెట్టి చూచి నాకు ఫోను చేసినది. "అన్నయ్యా, నాన్న లేచి నిలబడేసరికి బొమ్మ ఆగిపోతోంది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే."

ఆ డిస్కును బ్రతికించుటకు నేను చేసిన పనిని, ఆ పనికి ఆధారమైన శాస్త్రమును మీకు నివేదింపదలచితిని. శ్రోతలలో అనేకుల బీరువాలలో ఇట్టి డిస్కులుండును. వానిలో కొన్ని ఇప్పటికే మూగపోయి యుండవచ్చును.

అక్కడనే ఏల ఆగవలెను? మొదట నాకును ఇది విధివిలాసముగనే తోచినది. కాని కారణము సామాన్యమైనది. గ్రామఫోను రికార్డులో ముల్లు అంచునుండి నడిమికి పోవును. డీవీడీలో లేఖనము నడిమినుండి అంచునకు పోవును. పెండ్లిలో అప్పగింతలు చివర వచ్చును. కావున నిండు డిస్కులో అవి అంచున పడినవి. మన వ్రేళ్లు తగులునదియు, పళ్లెము వంగినచో ముందు చెడునదియు ఆ అంచే.

డీవీడీ 120 మిల్లీమీటర్ల వ్యాసము గల పళ్లెము. 0.6 మిల్లీమీటరు మందముగల రెండు పలుచని బిళ్లలను అతికించి దానిని చేయుదురు. లేఖనము ఆ రెంటి నడుమ దాగియుండును. పాత సీడీలో అది పైనున్న చీటీకి అడుగుననే యుండెడిది గనుక, పైన గీత పడినను సీడీ పాడగును; ఈ విషయమున డీవీడీ కొంత గట్టిది. దానిలోని బాట నత్తగుల్లపై చుట్టువలె చుట్లుగా సాగును. చుట్టునకు చుట్టునకు నడుమ దూరము 0.74 మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయింట ఒక వంతు కూడ కాదు. ఆ చుట్టంతయు విప్పి పఱచినచో 11 కిలోమీటర్లు దాటును. తెనాలినుండి గుంటూరు దారిలో ఇంచుమించు సగము.

ఫ్యాక్టరీలో చేసిన సినిమా డిస్కులలో ఆ బాటవెంట సన్నని గుంటలను అచ్చుతో ఒత్తుదురు. మన యింట వ్రాయు డిస్కులలో గుంటలు లేవు. ఒక రంగుపూత కలదు. 650 నానోమీటర్ల ఎఱ్ఱని లేజరు కిరణము ఆ పూతను చుక్కచుక్కగా వేడిచేసి దాని స్వభావమును మార్చును. అందుచేతనే ఈ వ్రాతకు కాల్చుట యను పేరు వచ్చినది. పొగ రాదు, వాసన రాదు. ఐనను ఒక జర్మను కంపెనీవారు తమ సాఫ్టువేరునకు రోము నగరము తగులబడినప్పటి చక్రవర్తి నీరో పేరు పెట్టి ముచ్చట తీర్చుకొనిరి. రంగుపూత కావుననే దానికి ఎండయు వేడియు శత్రువులు. మా చెల్లెలి డిస్కు పదునేడేండ్లు టీవీపైన, కిటికీ ప్రక్కన ఉన్నది.

ఇక ప్రతిబింబము మాట. కంప్యూటరువారు దీనిని డిస్కు ఇమేజి యందురు. ఒక తాళపత్ర గ్రంథమున్నదనుకొందము. దానిలోని పద్యములను కాగితముపై ఎత్తి వ్రాసికొనుట ఒక పద్ధతి. ఆకునకు ఆకు, వరుస తప్పక, ఖాళీ ఆకులతోను, విషయసూచికతోను కూడ మఱియొక గ్రంథమును సిద్ధపఱచుట వేఱొక పద్ధతి. డిస్కులోని ఫైళ్లను కాపీ చేయుట మొదటిది. ప్రతిబింబము తీయుట రెండవది. డీవీడీలో ఆకునకు బదులు సెక్టరను గది యుండును. ఒక్కొక్క గదిలో 2048 బైట్లు పట్టును. డీవీడీ-ఆర్ అను రకములో అట్టి గదులు 22,98,496. ప్రతిబింబమనగా ఈ గదులనన్నిటిని మొదటినుండి తుదివరకు ఒకే ఫైలుగా కూర్చుటయే. ఆ ఫైలు పేరునకు చివర ఐఎస్ఓ అని యుండుట మీరు చూచియుందురు. 1988లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఏర్పఱచిన 9660వ ప్రమాణమునుండి ఆ పేరు వచ్చినది. దాని ప్రకారము మొదటి 16 గదులు ప్రత్యేకింపబడును; ఆ తరువాతి గదిలో డిస్కు తన్ను తాను పరిచయము చేసికొనును.

ఫైళ్ల కాపీకంటె ప్రతిబింబము నాకేల మేలైనది? కాపీ చేయునపుడు ఒక్క గది చదువరాకున్నను కంప్యూటరు ఆ ఫైలునంతటిని వదలివేయును. వీడియో డీవీడీలో ఒక్కొక్క ఫైలు ఒక గిగాబైటువఱకు ఉండును. ఒక గదికై అరగంట పెండ్లిని పోగొట్టుకొనుట యన్నమాట! డీడీరెస్క్యూ యను ఉచిత సాఫ్టువేరు అట్లు చేయదు. అది చదువవచ్చినవన్నియు ముందు గ్రహించి, రానివానిని ఒక పటములో గుర్తు పెట్టుకొని, పిదప వానికొఱకు మరల మరల పోవును. ఇంటికి తాళమున్నచో రేపు వత్తునని వ్రాసికొని ముందుకు సాగు తపాలా జవానువంటిది.

ముందుగా డిస్కును తుడిచితిని. మెత్తని నూలుగుడ్డతో నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలెను; గుండ్రముగా తుడువరాదు. అడ్డముగా పడిన గీత ఒక్కొక్క చుట్టులో కొంచెమే చెఱచును. 1960లో రీడ్, సాలమన్ అను ఇద్దఱు గణితజ్ఞులు కనిపెట్టిన దోషపరిహార పద్ధతి ఆ కొఱతను లెక్కకట్టి పూరించును. బాటవెంట పడిన గీత ఒకేచోట పెక్కు అక్షరములను మ్రింగును. అప్పుడు ఆ గణితమునకు చేయునది లేదు. పైగా పరిహారము 16 గదులకు కలిపి జరుగును గనుక, తప్పినచో ఆ పదునాఱును కలిసియే పోవును.

మొదటి రాత్రి పని ముగియునప్పటికి 41 మెగాబైట్లు దక్కలేదు. సినిమాలో అది ఒక నిమిషమునకు పైమాట, అనగా నాయనగారి ప్రసంగమంతయు. నిరాశపడి డిస్కును తీయబోవుచుండగా, ఒక్కొక్క డ్రైవు కన్ను ఒక్కొక్క తీరుగా నుండునన్న మాట జ్ఞప్తికి వచ్చినది. ఒక మిత్రుని యింట మూలపడిన పాత కంప్యూటరును తెప్పించి, అదే పటముతో పని సాగించితిని. దానితో 9 మెగాబైట్లకు దిగినది. మూడవ డ్రైవుతో నాలుగు రాత్రులు గడచిన పిదప 1.9 మెగాబైట్లు మిగిలినది. అనగా మూడు సెకనులు.

దానిని చెల్లెలికి పంపుటకు పెన్ డ్రైవులో పెట్టబోగా స్థలము చాలదని వచ్చినది. డ్రైవు 16 గిగాబైట్లది, ఖాళీగా నున్నది! కారణము వేఱు: ఫ్యాట్32 అను పాత ఏర్పాటులో ఏ ఒక్క ఫైలును 4 గిగాబైట్లకు చేరరాదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చిన పిదప ఎక్కినది. డిస్కు పెట్టెపై 4.7 అని యుండి కంప్యూటరులో 4.38 అని కనబడుట మోసము కాదు; ఒకరు వేయితో లెక్కింతురు, మఱియొకరు 1024తో లెక్కింతురు.

ఇంక క్రొత్త డిస్కు వ్రాయుట. ఇందు తఱచుగా జరుగు పొరపాటొకటి: ప్రతిబింబపు ఫైలును మామూలు ఫైలువలె డిస్కుపై వేయుదురు. అప్పుడు డిస్కులో ఒక పెద్ద మూట యుండును గాని పెండ్లి యుండదు. ప్లేయరు దానిని గుర్తింపదు. ఇమేజిని వ్రాయుము అను ఆజ్ఞనే ఎన్నుకొనవలెను. విండోసులో 2009 నాటి ఏడవ కూర్పునుండి ఈ సౌకర్యము కలదు. ఇమ్‌గ్‌బర్ను, లినక్సులో కే3బీ కూడ ఈ పనికి ప్రసిద్ధములు. ఒంటి వేగమున నిండు డీవీడీకి గంటకు కొంచెము తక్కువ పట్టును. నేను ఎనిమిది రెట్ల వేగమున వ్రాసితిని. వ్రాసిన వెంటనే మరల చదివించి మూలముతో సరిచూచుకొనవలెను. సాఫ్టువేరులో వెరిఫై యను గుర్తు పెట్టినచో అదే చేయును. ఆ పది నిమిషముల ఓపిక లేకనే చాలమంది డిస్కులు పాడు చేసికొందురు. ప్రతిబింబమునకు షా-256 అను ముద్రను కూడ తీసి కాగితముపై వ్రాసి పెట్టితిని. 64 అక్షరముల ఆ ముద్ర, ఫైలులో ఒక్క బిట్టు మాఱినను పూర్తిగా మాఱిపోవును.

క్రొత్త డిస్కులు రెండు చేసితిని. ఒకటి చెల్లెలియొద్ద, ఒకటి నాయొద్ద, పెట్టెలో నిలువుగా, చీకటిలో నున్నవి. ప్రతిబింబము హార్డ్ డిస్కుపై వేఱుగా నున్నది.

దసరాకు చెల్లెలు వచ్చినప్పుడు కలిసి చూచితిమి. దక్కని మూడు సెకనులలో రెండు సన్నాయివాండ్రపై పడినవి. మూడవది నాయనగారి మాటలలో పడినది. ముఖము చిన్న చిన్న చతురములుగా చెదరి, ఒక్క మాట తెగి, మరల కుదురుకొనును. "మా అమ్మాయికి కోపమెక్కువ" అని వారన్నారని చెల్లెలు వాదించును. "ఓపికెక్కువ" అన్నారని నేనందును. ఆ రోజు మేమిద్దఱము వారి ప్రక్కనే నిలుచుండి వింటిమి.