ఏ డిగ్రీలో చేర్పింపవలెను?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడగనే తలిదండ్రులు పంచాయతీ సభ్యులను కలిసికొని, "మావాడు ఏ ఉద్యోగము చేయునో వానికే తెలియదు; ఏ డిగ్రీలో చేర్పింపమందురు?" అని అడుగుచుందురు. పదునెనిమిదేండ్ల వయస్సున నిశ్చయము కుదరకుండుట దోషము కాదని వారికి ముందుగా చెప్పగోరుచున్నాము.

ఏ చదువు ఏ ద్వారమును మూయునో తెలిసికొనుట ముఖ్యము. సివిల్ సర్వీసు పరీక్షకు గుర్తింపుగల ఏ డిగ్రీ అయినను చాలును. మూడేండ్ల న్యాయశాస్త్రమునకును అంతే. మార్కుల నియమము మాత్రము కలదు. కాని ఎం.ఎస్సీ. గణితము చదువగోరువాడు డిగ్రీలో గణితము చదివియే యుండవలెను. సైన్సు విద్యార్థి బి.కాం.లోనికి పోవచ్చును, సి.ఇ.సి. చదివినవాడు బి.ఎస్సీ. భౌతికశాస్త్రమునకు రాజాలడు. కనుక ఎటూ తేలనివాడు, శక్తి యున్నచో, సైన్సును తొందరపడి విడువరాదు.

శక్తి యున్నచో అంటిమి. అంకెలన్న బెదరు బాలికను బలవంతముగా గణితమున చేర్చినచో పరీక్షలు తప్పి డిగ్రీయే చేతికి రాదు. అప్పుడు పై ద్వారములన్నియు మూతపడును. మార్కుల పత్రము తెప్పించి చూడుడు. ఏ పుస్తకమును తనంతట తాను తెరచునో తండ్రిని కాక ఆ బిడ్డనే అడుగుడు. సమీప కళాశాలలో ఆ పాఠము చెప్పు అధ్యాపకుడు ఉన్నాడో లేడో చేరుటకు పూర్వమే విచారింపుడు.