విశ్రాంత జీవితంలో డబ్బు అలవాట్లు

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• విలంబిత సంతృప్తి అంటే ఏమిటో, అది పరిసరాలపై ఎలా ఆధారపడుతుందో వివరించగలుగుతారు.
• పదవీ విరమణ తర్వాత డబ్బు అలవాట్లలో రావలసిన మార్పులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఏటా ఒకే తీరున ఉండదు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా విత్తనం కాయల మూట విప్పకూడదని వేరుశనగ రైతుల పిల్లలు చిన్ననాడే నేర్చుకుంటారు. రేపటి పెద్ద ప్రయోజనం కోసం ఇప్పటి కోరికను వాయిదా వేసుకోవడమే విలంబిత సంతృప్తి.

2. ఆగాలంటే నమ్మకం ఉండాలి
1960ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లలపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎదుట ఉన్న మిఠాయిని వెంటనే తినకుండా ఆగితే రెండు ఇస్తామని పిల్లలకు చెప్పేవారు. ఆగగలగడం పిల్లల స్వభావమేనని చాలామంది అనుకున్నారు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధన మరో కోణం చూపింది. ముందుగా ఇచ్చిన మాట తప్పిన పెద్దల దగ్గర పిల్లలు సగటున 3 నిమిషాలే ఆగారు. మాట నిలుపుకున్నవారి దగ్గర 12 నిమిషాలు ఆగారు. అంటే, వస్తుందన్న నమ్మకం ఉన్నచోటే మనిషి ఆగగలడు.

3. రెండు రకాల పొరపాట్లు
వానను నమ్మలేని చోట పెరిగి ఉద్యోగంలో చేరినవారికి ఆ అపనమ్మకం పింఛను వచ్చే నాటికీ పోకపోవచ్చు. అది రెండు రకాలుగా బయటపడుతుంది.

మొదటిది, చేతికొచ్చిన పైకాన్ని ఒకేసారి ఖర్చు చేయడం. పింఛను కమ్యుటేషన్‌నే చూడండి. నెలకు 40,000 రూపాయల పింఛనులో 40 శాతం కమ్యూట్ చేస్తే నెలనెలా 16,000 తగ్గుతుంది. నిబంధన ప్రకారం పూర్తి పింఛను మళ్లీ వచ్చేది 15 సంవత్సరాల తర్వాతే. 62 ఏళ్లకు విరమణ పొందినవారికి అప్పటికి 77 నిండుతాయి. అంటే ఆ పైకం బహుమతి కాదు, మీ రాబోయే నెలల తిండి, మందుల డబ్బే ముందుగా చేతికొచ్చింది. దానినంతా బోరులో పోస్తే, నీళ్లు పడకపోతే, తిరిగి రాదు.

రెండవది, అవసరానికి కూడా ఖర్చు పెట్టకపోవడం. కంటి శుక్లానికి శస్త్రచికిత్స, మోకాళ్ల వైద్యం 'వచ్చే ఏడాది చూద్దాం' అని వాయిదా వేస్తూ పోవడం పొదుపు కాదు. వేరుశనగ విత్తనానికి మొలకెత్తే శక్తి ఎక్కువ కాలం నిలవదు. అదునులో విత్తని గింజ దాచినా దండగే.

4. మార్చుకోవలసిన అలవాట్లు
• కమ్యుటేషన్, గ్రాట్యుటీ పైకం అందిన తర్వాత కొన్ని నెలలు పెద్ద నిర్ణయం తీసుకోకండి.
• నెల ఖర్చు, ఆకస్మిక అవసరం, దూరకాలపు అవసరం అని సొమ్మును మూడు భాగాలు చేయండి. ఏటా 6 శాతం ధరలు పెరిగితే దాదాపు 12 ఏళ్లలో రూపాయి కొనుగోలు శక్తి సగమవుతుందని గుర్తుంచుకోండి.
• మీ ఆరోగ్యానికి, మీ ఇద్దరి సంతోషానికి నెలవారీ పద్దులో ఒక వరుస రాసుకోండి.
• పిల్లలకు ఎంత ఇవ్వగలరో ముందే లెక్క వేసి, ఆ మాట వారితో చెప్పండి.

5. సారాంశం
దాచడం ఎంత ముఖ్యమో, అదును చూసి వాడుకోవడమూ అంతే ముఖ్యం. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగనవసరం లేదో తెలుసుకోవడమే విశ్రాంత జీవితంలో పొదుపు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 2013 పరిశోధన విలంబిత సంతృప్తి గురించి ఏమి తెలిపింది?
2. మీరు అవసరమై కూడా వాయిదా వేస్తున్న ఖర్చు ఒకటి రాయండి. దాన్ని ఇంకా వాయిదా వేయడం వల్ల లాభమా, నష్టమా?